ఏసన్న కార్డులో బీడీ

ఏసన్నను చంపింది బీడీ అని ఆసుపత్రి కార్డులో రాసినవాళ్ళారా, మీకే చెబుతున్నది. అబద్ధం రాశారు. అడక్కుండా రాశారు. హమాలీ అనగానే బీడీ దగ్గర టిక్కు పెట్టి, పక్క పేషెంట్‌ను పిలిచారు. మీ టిక్కు చాటున అసలువాడు దర్జాగా వ్యాపారం చేసుకున్నాడు.

జనవరి 9. పొద్దున 6.10. ఆదోనిలో జిన్నింగ్ మిల్లుల వెనక సందు. ఏసన్న మంచం మీదే చనిపోయి ఉన్నాడు. వయసు యాభై రెండు. మూత్రనాళంలో క్యాన్సర్ అని తేలి మూడు నెలలు.

7.25కల్లా తమ్ముడు శామ్యూల్ స్టేషన్‌లో ఉన్నాడు.

"మా వదినే సంపింది మేడం. ఆరేండ్లాయ, తెల్లారితే సాలు ఏదో నల్ల కషాయం పోస్తాంది. మనిషి ఎండిపోయినాడు."

ఎస్సై ఉష బయల్దేరింది. ఏసన్న భార్య అరుణ గుమ్మంలో ఒక్కతే కూర్చుని ఉంది. చావు ఇల్లు. పలకరించే మనిషి లేదు. శామ్యూల్ మాట సందంతా పాకిపోయింది.

"కషాయం పోసినావా?"

"పోసినా మేడం. మిల్లులో పత్తి బేళ్ళు మోసి మోకాళ్ళు పోయినాయి. నొప్పులకని పోసినా."

"యాడ కొన్నావు?"

"ఎమ్మిగనూర్లో. మంజునాథ్ అంగడి."

ఉష ఆసుపత్రి కార్డు తిప్పింది. బీడీ: అవును.

"రోజుకెన్ని తాగేవాడు?"

అరుణ తలెత్తింది. మొదటిసారి కోపం కనబడింది. "బాప్తిస్మం తీసుకున్న దినం పారేసినాడు మేడం. పద్దెనిమిదేండ్లాయ. ఎవురు రాసినారు అది?"

ఉష అదే రోజు 2.40కి ఎమ్మిగనూరు చేరింది. మంజునాథ్ నవ్వుతూ కుర్చీ వేశాడు.

"నేలవేము పొడి మేడం. ఆకు మందు. సైడ్ ఎఫెక్ట్ అనే మాటే లేదు."

వెనక గదిలో గోతాలు. ఒకదాంట్లో చేయి పెట్టింది. గుండ్రటి ఆకులు, మధ్యలో పత్తి పోగులు. ఒక ఆకు నలిపి వాసన చూసి ముఖం చిట్లించింది. ఆలూరు చేలల్లో కలుపు తీసిన చేయి ఆమెది.

"ఎవరు తెస్తారు?"

"పత్తి సేన్లల్లో కలుపు తీసే కూలోళ్ళు. యాల అడుగుతాండారు మేడం?"

ఉష కవర్లు తీసింది. ఆకూ, పొడీ కవర్లలో వేసి సీలు వేసింది.

పోస్టుమార్టం చేసిన డాక్టర్ సంతోషి కణితి ముక్కనూ, ఉష తెచ్చిన పొడినీ బెంగుళూరు ల్యాబ్‌కు పంపింది. రిపోర్టుకు నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలలు అరుణ కొళాయి దగ్గరకు వెళ్తే ఆడోళ్ళు బిందెలు పక్కకు జరుపుకున్నారు. చర్చిలో ఆమె పక్కన చాప ఖాళీ. వారానికోసారి ఉషకు ఫోన్ చేసేది. ఒకటే ప్రశ్న.

"నేనేనా మేడం?"

మే 14. 11.20. స్టేషన్‌లో ముగ్గురు: అరుణ, శామ్యూల్, మంజునాథ్. ఉష ఏసన్న పాత స్కాన్ రిపోర్టు, పక్కనే గోతంలోని ఆకు బల్ల మీద పెట్టింది.

"అందరూ గడ్డ చూసినారు. కింద ఇంకో లైను ఉంది, ఎవరూ చదవలేదు. రెండు కిడ్నీలూ ముడుచుకుపోయినాయి. బీడీ అని రాసినోళ్ళకు ఈ లైను అడ్డం రాలేదు. నాకు వచ్చింది. బీడీ కిడ్నీలను అట్ల ముడవదు."

"అయితే?" అన్నాడు శామ్యూల్.

"ఒంట్లో ప్రతి కణంలో డీఎన్‌ఏ ఉంటాది. నాలుగు అక్షరాల రాత. కణం రెండు కావాలంటే ఆ రాతను కాపీ చేసుకోవల్ల. ఈ ఆకు విషం పోయి 'ఏ' అక్షరానికి అతుక్కుంటాది. కాపీ చేసేటప్పుడు అది చదివేకి రాదు. ఆడ 'టీ' పడిపోతాది. ఒక తప్పయితే ఒళ్ళే దిద్దుకుంటాది. ఆరేండ్లు దినామూ పోస్తే? వేలల్లో తప్పులు. పెరిగింది సాలు, ఆగు అని చెప్పే జీన్లు ఒకే కణంలో నాలుగైదు చెడినాయంటే, ఇంక ఆ కణం ఆగదు. అదే గడ్డ."

"బీడీకీ అట్లే అయితాది గదా?"

"అయితాది. దాని తప్పుల అచ్చు వేరే. మీ అన్న గడ్డలో 'ఏ' పోయి 'టీ' పడిన చోట్లే ఎక్కువ. ఆ అచ్చు ఈ ఆకు జాతిది. గాడిదగడప ఆకు, పత్తి సేన్లల్లో మొలిచే కలుపు. నేలవేమని లేబుల్ వేసి అమ్మినాడు. పొడిలోనూ అదే విషం దొరికింది."

మంజునాథ్ కుర్చీలోంచి లేచాడు. "కూలోళ్ళే తెచ్చి ఇచ్చినారు మేడం..."

"వాళ్ళు పీకిన కలుపు వాళ్ళకే తాపినావు. కూర్చో."

శామ్యూల్ కిందికి చూశాడు. "వదినా..."

అరుణ వినలేదు. తన అరచేతులు చూసుకుంటోంది.

"అంటే పోసింది నేనే."

"కేసు నీ మీద లేదమ్మా," అంది ఉష.

అరుణ లేచింది. నేరుగా మంజునాథ్ ముందుకు వెళ్ళింది.

"ఎవురెవురికి అమ్మినావు? పేర్లు సెప్పు. ఊర్లు సెప్పు. బెళగల్లా, ఆలూరా, యాడయాడ?" తర్వాత ఉష వైపు తిరిగింది. "జీపు తీపీండి మేడం. మైకు కట్టండి. తాగొద్దని నేనే సెప్తా. నా మొగునికి నేనే పోసినానని గూడా సెప్తా, అప్పుడు నమ్ముతారు. తాగినోళ్ళందరికీ కిడ్నీ పరీక్షలు సేపీయల్ల. ఒక్క ఇల్లు గూడా వదలొద్దు. రేపు గాదు మేడం, ఇప్పుడే!"