చారన్నం పథ్యం

జమ్మలమడుగులోని తమ ఇంట్లో వసంతమ్మ ఆ ఉదయం కూడా మెత్తటి అన్నంలో పలుచని చారు కలిపి కొడుకు మంచం దగ్గర పెట్టింది. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే అవినాష్‌కు పేగుకు రంధ్రం పడి, ప్రొద్దుటూరులో ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చి వారాలు గడిచినా కోత మానలేదు. నిలబడితే కాళ్లు వణుకుతున్నాయి.

“ఇంకా ఆకలైతాందిమా,” అన్నాడు గిన్నె ఖాళీ చేసి.

“పచ్చి పుండు నాయనా. ఓర్చుకో,” అంటూ ఆమె నీళ్లగ్లాసు అందించింది. పప్పు, గుడ్డు, మాంసం తింటే పుండు చీము పడుతుందని ఆమె గట్టి నమ్మకం. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ అన్నీ పెట్టమని చెప్పినా వినలేదు.

కోడలు సహస్ర చూస్తూ ఊరుకోలేకపోయింది. అత్త పాలకు వెళ్లినప్పుడు గుడ్డు ఉడికించి భర్తకు తినిపించింది. మరునాడు కట్టు విప్పితే గుడ్డకు చీము అంటుకుని ఉంది. సహస్ర బెదిరిపోయింది. తన వల్లేనేమో. ఆ మాట దాచుకోలేకపోయింది.

“అత్తా, నిన్న గుడ్డు పెట్టినాను.”

“ఎవర్ని అడిగి పెట్టినావు? వానికేమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా?”

“నువ్వు పెట్టే తిండికి మనిషి ఎముకల గూడైనాడు. రోజూ చూస్తాండా కదా, నాకు భయం కాదా?”

“భయముండే దానివి ఇట్ల చేస్తావా?”

“ఇద్దరూ ఊరుకోండి. ఆసుపత్రికి పోదాం,” అంటూ గోడ పట్టుకుని లేవబోయిన అవినాష్ మంచం మీదే కూలబడ్డాడు.

అత్తాకోడళ్లు చెరోవైపు పట్టుకుని అతన్ని ఆటోలో ప్రొద్దుటూరు తీసుకెళ్లారు.

డాక్టరమ్మ కోత శుభ్రం చేసి, రక్తపరీక్ష చేయించింది. “ఏం తింటున్నాడు?”

“చారన్నమే. శానా గట్టిగా పథ్యం చేయిస్తాండాను,” అంది వసంతమ్మ. నిన్న దాచి గుడ్డు పెట్టిన సంగతి సహస్ర చెప్పింది.

“అదేనమ్మా ఇబ్బంది. ఒక్క గుడ్డుతో చీము రాదు. ఒంట్లో బలం లేక పుండు మానడం లేదు. కోత పూడాలంటే కొత్త కండ పుట్టాలి. దానికి పప్పు, గుడ్డు, పాలు, మాంసం కావాలి. తిండి లేకుండా నా మందొక్కటే ఏం చేస్తుంది?” సహస్ర వైపు తిరిగింది. “నువ్వూ దాచి పెట్టే బదులు నాకు ఫోన్ చేయాల్సింది.”

బయటికొచ్చి వసంతమ్మ బెంచీ మీద చతికిలబడింది. “ఆకలని అడిగినప్పుడంతా నీళ్లిస్తినే. నా బిడ్డను నేనే ఎండబెడితినే.”

సహస్ర పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకుంది. “కావాలని చేసినావా అత్తా? చీము చూసినప్పుడు నేనూ నీ మాటే నమ్మినాను.”

ఇంటికొచ్చాక వసంతమ్మ కందిపప్పు మెత్తగా ఉడికించి, అన్నంలో కలిపి, నెయ్యి వేసింది. కొడుకు నోటిదాకా తీసుకెళ్లిన చేయి ఆగిపోయింది.

“నువ్వు పెట్టు సహస్రా. నాకింకా భయం పోలేదు.”

“నాకూ పోలేదు. అయినా నీ చేత్తోనే పెట్టత్తా.”

అవినాష్ మెల్లగా నమిలి మింగాడు. మళ్లీ నోరు తెరిచాడు. కళ్ల నిండా నీళ్లతో ఏమీ కనిపించకపోయినా, వసంతమ్మ తడుముకుంటూ ఇంకో ముద్ద కలిపింది.