తెర వెనక్కి వెళ్ళిన ఓటరు

"బాంబు బ్యాలట్ పెట్టెలోనే ఉంటుంది," అన్నాడు కల్నల్ అబూ యాజన్. "పది గంటలకి విదేశీ ఎంపీలు కెమెరాలతో వస్తారు. వాళ్ళతో పాటు మన ఎన్నికలూ గాల్లోకి లేస్తాయి."

"ఏ బూత్, సీదీ?" అడిగాడు ఏజెంట్ నవ్రస్.

"అది తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

డమాస్కస్‌లో పార్లమెంటు ఎన్నికలు దగ్గరపడ్డాయి. దేశంలో సగం తిరుగుబాటుదార్ల చేతిలో ఉంది. ఆ సగానికీ పార్లమెంటులో సీట్లున్నాయి, ఆ సీట్లకి అభ్యర్థులూ ఉన్నారు. వాళ్ళ పోస్టర్లు మాత్రం ఇక్కడ, రొట్టెల క్యూ పక్కన గోడల మీద నవ్వుతున్నాయి. సిగ్గు అనే సరుకు యుద్ధం మొదలైన ఏడాదే బజార్లో దొరకడం మానేసింది.

బాంబు వెనక ఉన్నది ఒక విదేశీ ముఠా. కల్నల్ గూఢచారి శాఖ దానికి పెట్టిన కోడ్ నేమ్ 'లంగరు'. ఆ ముఠాలో శాఖకున్న ఒకే ఒక్క చెవి లమీస్ హద్దాద్, టీవీలో వార్తలు చదివే అందగత్తె. మన కబుర్లు వాళ్ళకీ వాళ్ళ కబుర్లు మనకీ చేరవేస్తుందని రెండు పక్షాలకీ తెలుసు. ఇద్దరికీ అవసరం కనక ఇద్దరూ ఊరుకున్నారు.

సాలిహియా వీధిలో నవ్రస్ పిస్తాల కొట్టు నడుపుతున్నాడు. అది అతని కవర్. ఆ సాయంత్రమే లమీస్ వచ్చింది.

"తడిసిన పిస్తా ఉందా?" అంది నల్లకళ్ళద్దాలు తీయకుండా.

"ఎండబెట్టి ఉంచాం, మదామ్."

కోడ్ సరిపోయింది. వెనక గదిలోకి తీసుకెళ్ళి చేదు కాఫీ పోసి ఇచ్చాడు. ఆమె కప్పు అందుకుంది. తాగకుండా కింద పెట్టింది.

నవ్రస్ గతుక్కుమన్నాడు. అతనిది యూఫ్రటీస్ ఒడ్డు తెగ. అతిథి కాఫీ ముట్టకుండా కింద పెడితే ఏదో అడగడానికి వచ్చినట్టు. తీరుస్తానని ఇంటివాడు మాటిచ్చేదాకా గుక్క దిగదు. మాటిచ్చి తప్పినవాడి ఇంట మళ్ళీ ఎవరూ కాఫీ తాగరు.

"పట్నం వాళ్ళకి మా ఆచారాలెందుకు, మదామ్?"

"మీకు పట్టింపు ఉంది కదా, చాలు," అంది లమీస్. "నా తమ్ముడు యామెన్. చెక్‌పోస్టు దగ్గర బస్సులోంచి దింపి మీవాళ్ళు తీసుకుపోయారు. బట్టలు పంపితే పుచ్చుకుంటారు, మనిషిని మాత్రం చూడనివ్వరు. వాణ్ణి ఇవ్వండి, బూత్ చెప్తాను."

నవ్రస్ అవతల గదిలోకి వెళ్ళి కల్నల్‌కి ఫోన్ చేశాడు.

"ఇస్తానని చెప్పెయ్," అన్నాడు కల్నల్. "మాటకేమైనా పన్ను కట్టాలా?"

నవ్రస్ తిరిగొచ్చాడు. "తాగండి మదామ్. మీ తమ్ముడు ఇంటికొచ్చినట్టే."

ఆమె ఒక్క గుక్కలో తాగేసింది. "మా పేట బడి," అంది. "అక్కడి గుమాస్తాల్లో ఒకడు వాళ్ళ మనిషి. ఎవడో నాకూ తెలీదు."

పోలింగు రోజు నవ్రస్ తెల్లగడ్డం అంటించుకుని, చేతికర్రతో ముసలి ఓటరులా బడికి వెళ్ళాడు. జేబులో సిగరెట్ పెట్టె, అందులో జామర్. నొక్కితే కాసేపు చుట్టుపక్కల ఫోన్లన్నీ మూగపోతాయి. దూరంగా ఫిరంగులు మోగుతున్నాయి. వాకిట్లో డప్పులు వాయించేవాళ్ళే ఓటర్లకంటే ఎక్కువమంది ఉన్నారు.

బూత్ అధికారికి చాటుగా శాఖ కార్డు చూపించాడు. "పెట్టె తెరువు."

అధికారి మొహం పాలిపోయింది. "ఇప్పుడెందుకు లెండి, సీదీ."

"తెరవమన్నానా?"

తాళం తీశాడు. పెట్టె నిండా ఓట్లు. వేలు దూర్చే సందు కూడా లేదు.

"పొద్దున్నే కదయ్యా పోలింగు మొదలైంది?"

"పేటలో ఉన్నవాళ్ళవీ లేనివాళ్ళవీ రాత్రే వేసేశాం, సీదీ. ఈ కాల్పుల్లో జనాన్ని తిప్పడం దేనికని."

అంటే బాంబు ఇందులో పట్టలేదు. మరెక్కడ? బయట ఎంపీల కార్లు ఆగిన చప్పుడు వినిపించింది. నవ్రస్ గది నాలుగు మూలలూ చూశాడు. వచ్చిన కొద్దిమందీ కాగితాన్ని అధికారి ముక్కు కింద పెట్టి, అతను చూస్తుండగా టిక్కు పెడుతున్నారు. మూలన రహస్య ఓటు కోసం కట్టిన నీలం తెర మాత్రం కదల్లేదు. దాని వెనక్కి వెళ్ళడమంటే దాచుకోవలసింది ఏదో ఉందని ఒప్పుకోవడమే. అంత తెలివితక్కువ వాడెవడూ ఈ నగరంలో మిగల్లేదు.

ముసలి ఓటరు తెరవైపు నడిచాడు. గదంతా ఊపిరి బిగబట్టింది.

తెర వెనక బల్ల కింద బిస్కెట్ల డబ్బా ఉంది, దానికి టేపుతో చుట్టిన ఫోన్. గుమ్మంలో ఎంపీల బూట్లు, వాళ్ళ ముందు మైకు పట్టుకున్న లమీస్ గొంతు. ఫోన్ తెర వెలిగింది. నవ్రస్ జామర్ నొక్కాడు. వెలుగు ఆరిపోయింది. వైరు లాగేశాడు.

పారిపోబోయిన గుమాస్తా పెరటి గోడ దగ్గర దొరికాడు.

"పెట్టె ఖాళీగా ఉంటుందన్నారు ఆ విదేశీ దద్దమ్మలు," అని ఏడ్చాడు. "ఇక్కడ ఎన్నికలు ఎలా జరుగుతాయో వాళ్ళకేం తెలుసు?"

పోలింగు ప్రశాంతంగా జరుగుతోందని లమీస్ కెమెరాకి చెప్పింది. ఎంపీలు ఫొటోలు దిగి వెళ్ళిపోయారు. అప్పుడు ఆమె నవ్రస్ దగ్గరికొచ్చి, "ఇవాళేనా?" అని మాత్రం అడిగింది.

"ఇవాళే," అన్నాడు నవ్రస్. కారులో కూర్చుని కల్నల్‌కి ఫోన్ చేశాడు.

"శభాష్," అన్నాడు కల్నల్. "కానీ నువ్వు తెర వెనక్కి వెళ్ళావని రిపోర్టు వచ్చింది. ఎందుకెళ్ళావో రాసివ్వు."

"రాసిస్తాను. యామెన్‌ని ఎక్కడికొచ్చి తీసుకెళ్ళమంటారు?"

అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడు. "వాడు పోయి రెండో చలికాలమయ్యా."

"మరి బట్టలు పుచ్చుకుంటున్నారు కదా, సీదీ."

"మంచి బట్టలు పంపుతుంది ఆవిడ, పాపం."

"నా చేత మాట ఇప్పించారు."

"ఇచ్చింది నువ్వు."

నవ్రస్‌కి తాను పనిచేసేవాళ్ళ మీద అసహ్యం వేసింది. అంతకు రెట్టింపు తన మీద వేసింది. గేటు దగ్గర లమీస్ కళ్ళద్దాలు తీసి ఇటే చూస్తోంది.

"ఆవిడకి ఏం చెప్పమంటారు?"

"రికార్డులో ఉన్నదే చెప్పు," అన్నాడు కల్నల్. "ఇవాళ పొద్దున్నే బడికొచ్చి ఓటేసి వెళ్ళాడని."