కలపరాని గాలి

ఎల్లారెడ్డిలో తాజుద్దీన్ పంక్చర్ షాపుకు ఒక ఆనవాయితీ ఉంది. ఎవరొచ్చినా ముందు బండికి గాలి, తర్వాతే మనిషికి చాయ్. షాపు వెనకే ఇల్లు కాబట్టి చుట్టాలెవరూ తప్పించుకోలేరు. టైరు నిండుగా ఉన్నా సరే, ఆయన చేతి గాలి కాస్తయినా కొట్టించుకోవాల్సిందే. అది ఆయన మర్యాద.

ఈ సంగతి ఫరీద్‌కు ఎవరూ చెప్పలేదు.

ఫరీద్‌ది కామారెడ్డి. దుబాయిలో విమానాల టైర్ల పని చేసి, తిరిగొచ్చి బస్టాండు దగ్గర కొట్టు పెట్టాడు. విమానం చక్రాల్లో నింపే నైట్రోజన్‌ను హైదరాబాదు నుంచి సిలిండర్లలో తెప్పించి మోటార్‌సైకిళ్ళకు నింపేవాడు. తొంభై ఎనిమిదిలో అదొక వింత. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో 'ఇందులో మామూలు గాలి కలపరాదు' అని కూడా రాయించాడు. ఆ మాట గిరాకీలకు చెప్పీ చెప్పీ నోటికి అలవాటైపోయింది.

తల్లి హమీదున్నీసాను బండి మీద ఎక్కించుకుని పెళ్ళిచూపులకు వచ్చిన రోజు, తాజుద్దీన్ గొట్టం పట్టుకుని టైరు దగ్గర కూర్చోగానే ఆ నోరే కొంప ముంచింది.

"వద్దు చాచా. అందుల నైట్రోజన్ ఉంది. మామూలు గాలి కలిస్తే ఖరాబైతది."

తాజుద్దీన్ గొట్టం చుట్టి మేకుకు తగిలించాడు. చాయ్ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి, మాట మాత్రం రాలేదు. బయట వాన మొదలైంది. తలుపు పక్క నుంచి తాజుద్దీన్ కూతురు సాలెహా ఒక్కసారి చూసింది. ఫరీద్ కూడా చూశాడు. పాపం, దాంతో అతని పని అయిపోయింది.

మర్నాడే కబురు అందింది. మా గాలే పనికిరాని ఇంటికి మా పిల్లేం పనికొస్తది అన్నాడట తాజుద్దీన్. భిక్నూర్ సంబంధం వాళ్ళను శుక్రవారం రమ్మన్నాడట. హమీదున్నీసా కొడుక్కి రెండు పూటలా అన్నంతో పాటు తిట్లు కూడా వడ్డించింది.

సాలెహా కామారెడ్డిలో డిగ్రీ చదువుతోంది. బుధవారం కాలేజీ వదలగానే గొడుగు వేసుకుని నేరుగా అతని కొట్టుకు వచ్చింది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పండి. మా అబ్బాజాన్ గాలి కలిస్తే టైరు ఖరాబైతదా?"

బెంచీ మీద గిరాకీలున్నారు. ఫరీద్ గొంతు తగ్గించి, ఏమీ కాదన్నాడు. మామూలు గాలిలోనూ ఎక్కువ భాగం నైట్రోజనే ఉంటుందనీ, ఒట్టి నైట్రోజన్ నింపితే కొంచెం మెల్లగా దిగుతుందనీ, విమానాల సంగతి వేరుగానీ మన బండ్లకు పెద్ద తేడా తెలియదనీ ఒప్పుకున్నాడు.

"మరి బోర్డు మీద అట్ల ఎందుకు రాసిన్రు?"

"అట్ల రాస్తె మళ్ల నా కొట్టుకే వస్తరని."

సాలెహాకు నవ్వొచ్చింది, ఆపుకుంది. భిక్నూర్ సంబంధం తనకు ఇష్టం లేదని చెప్పింది. అంతకంటే ఏ పిల్ల మాత్రం ఎంత చెబుతుంది? ఫరీద్ మొహం వెలిగిపోయింది. ఇప్పుడే వచ్చి మీ నాన్నను మాఫీ అడుగుతానన్నాడు.

"మాఫీ అడగకండి. గాలి అడగండి. అందరి ముంగట."

ఆమె బస్సెక్కి వెళ్ళిపోయాక ఫరీద్‌కు భయం పట్టుకుంది. ఎల్లారెడ్డిలో అన్న మాట కామారెడ్డికి బస్సు కంటే ముందే చేరుతుంది. తన మాట అబద్ధమని తేలితే కొట్టుకు ఎవడొస్తాడు? దుబాయి ఎండల్లో సంపాదించిందంతా ఆ కొట్టులోనే పెట్టాడు.

అయినా గురువారం పొద్దున్నే బయల్దేరాడు. తాజుద్దీన్ షాపు ముందు సైకిళ్ళ వాళ్ళతో పాటు పాల వ్యాపారి హన్మండ్లు కూడా ఉన్నాడు. అతను ఫరీద్ గిరాకీయే. వెనక్కి తిరుగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ బండి ఆపి స్టాండ్ వేశాడు.

"చాచా, గాలి తక్కువుంది. జర కొట్టండి."

తాజుద్దీన్ తల ఎత్తలేదు. "మాది మామూలు గాలి. కలిస్తే ఖరాబైతదంటివి గద."

"ఏం కాదు చాచా. గిరాకీ కోసం చెప్పిన. తప్పు మాట."

హన్మండ్లు అతన్ని ఎగాదిగా చూశాడు. "మరి గాలి కోసం నేను కామారెడ్డి దాక ఊకెనే తిరుగుతున్ననా?"

ఫరీద్ సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా అవునన్నాడు. తాజుద్దీన్ సైకిళ్ళన్నీ అయ్యేదాకా అతన్ని అలాగే నిలబెట్టాడు. ఆ తర్వాత రెండు టైర్లకూ తీరిగ్గా గాలి నింపి, చేతులు తుడుచుకుని, చాయ్‌కి లోపలికి రమ్మన్నాడు.

చాయ్ తెచ్చింది సాలెహాయే. ఫరీద్ ఈసారి మాట తూచి మాట్లాడే ఓపిక లేక, మీ అమ్మాయంటే నాకు చాలా ఇష్టం చాచా అనేశాడు. తాజుద్దీన్ చాయ్ పూర్తి చేసి కూతురి వైపు తిరిగాడు.

"భిక్నూరోళ్లు రేపు వస్తమన్నరు. రావద్దని ఫోన్ చెయ్యాలెనా, బిడ్డ?"

సాలెహా ఖాళీ కప్పులు తీస్తూ, తల వంచుకునే చెప్పింది.

"నంబరు నేనే కలుపుత, అబ్బాజాన్."