అత్తగారి దగ్గరి చూపు

ఆదివారం ఉదయం అత్తగారు వరండాలో నిలబడి, వీధి చివర మలుపు తిరుగుతున్న బస్సు బోర్డు చదివారు.

"పదిహేడో నంబరు. ఇవాళ కూడా ఆలస్యమే."

కాఫీ కప్పుతో వెనకాల నిలబడ్డ కొడుకు కళ్ళు చిట్లించి చూశాడు. "నాకు కనబడలేదే. వారంలో ఆరు రోజులు ఆ బస్సు తోలేది నేనే."

"ఈ మాట ఇంట్లో అన్నావు కాబట్టి సరిపోయింది. డిపోలో అనకు," అన్నారు ఆవిడ.

వంటింట్లోంచి వింటున్న కోడలు తనలో తనే నవ్వుకుంది. ఆరు వారాల కిందట అత్తగారి కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించింది తనే. ఆమె కంటి ఆసుపత్రిలో, పరిశోధన విభాగంలో పనిచేస్తుంది. ఆపరేషన్ అయినవాళ్ళని వెతికి పట్టుకుని, చూపు ఎలా ఉందో అడిగి, పరీక్షల్లో వచ్చిన అంకెలతో సహా పట్టికలోకి ఎక్కించడం ఆమె పని. అత్తగారు పోయిన వారమే గోడమీది అక్షరాల్లో చివరి వరుస దాకా అద్దాల్లేకుండా చదివేశారు. ఆవిడ పేరుకి ఎదురుగా "మంచి ఫలితం" అని ఎక్కించినప్పుడు కోడలికి కడుపు నిండినట్టయింది. ఆ సాయంత్రం ఆడపడుచుకి, తోడికోడలికి, పుట్టింటికి వరసగా ఫోన్లు చేసి చెప్పుకుంది.

ఇంకో రెండు వారాల్లో ఎడమకంటికి ఆపరేషన్. తారీఖు కూడా రాసుకొచ్చింది.

తొమ్మిదింటికి ఎవరో తలుపు తట్టారు. పెద్దవీధిలో డ్రైక్లీనింగ్ దుకాణం ఆయన, చేతిలో కాగితం చుట్టిన పొట్లం.

"రఫూ అమ్మగారు ఉన్నారా?"

కోడలు ఆయన్ని కూర్చోమంది. అత్తగారు ఆ దుకాణం బట్టలకి రఫూ చేస్తారని ఆమెకి తెలుసు. చిరిగినచోట అదే గుడ్డ మడతలోంచి దారాలు లాగి, చిరుగు ఉండేదన్న ఆనవాలు కూడా తెలియకుండా అల్లే పని అది. కాకపోతే అది ఆవిడ కాలక్షేపం అనుకునేది. తను ఎనిమిదింటికి వెళ్ళి ఆరింటికి వస్తుంది. ఆ మధ్యలో అత్తగారు కిటికీ దగ్గర కూర్చుని ఏం చేసేవారో ఆమె ఎప్పుడూ చూసింది లేదు.

దుకాణం ఆయన పొట్లం విప్పాడు. ముదురు నీలం ఉన్ని కోటు. భుజం దగ్గర పురుగు కొట్టేసి నాలుగు చిల్లులు పడ్డాయి.

"ఒక పెద్దావిడ తెచ్చారమ్మా. వాళ్ళాయన పోయి ఏడాదైందట. ఆవిడ ఇంట్లో చలేస్తే ఇదే వేసుకుంటారట. వేరే ఇద్దరికి చూపించాను, పైన గుడ్డముక్క పెట్టి మాసిక వేసి ఇస్తామన్నారు. మాసిక వేస్తే అది ఆయన కోటులా ఉండదు కదా. అమ్మగారేమో నెలరోజులుగా ఏ బట్టా తీసుకోవడం లేదు."

"అదేంటి," అంది కోడలు. "ఆపరేషన్ అయిందని ఆగి ఉంటారు. ఇప్పుడు చూపు భేషుగ్గా ఉంది. ఇచ్చి వెళ్ళండి, చేస్తారు."

"చేయను."

అత్తగారు వరండా గుమ్మంలో నిలబడి ఉన్నారు. గొంతు పెద్దది చేయలేదు గానీ ఆ మాటకి కొడుకు పేపరు దించి చూశాడు.

"బాబూ, కోటు తీసుకెళ్ళిపో. ఆవిడకి నా మాటగా చెప్పు, నావల్ల కాదని." తర్వాత కోడలి వైపు తిరిగారు. "నా తరఫున మాట ఇచ్చెయ్యడం నీకు బాగా అలవాటైపోయిందమ్మాయ్."

దుకాణం ఆయన పాపం ఎటు చూడాలో తెలియక చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు. కోటు మాత్రం కుర్చీ మీదే ఉండిపోయింది.

"అత్తయ్యా, నేనేమన్నానని? మీ చూపు బాగుందనేగా అన్నాను. చివరి వరుస దాకా చదివారు మీరు."

"చదివాను. గోడమీద చదివాను. నేను గోడలు చదువుకుని బతుకుతున్నానా?"

ఆవిడ లోపలికి వెళ్ళి కుట్టుడబ్బా తెచ్చి బల్లమీద పెట్టారు. సూది తీసి, చిన్నప్పటినుంచి అలవాటైనట్టు ముక్కుకి జానెడు దూరంలో పట్టుకున్నారు.

"నాకు పదేళ్ళప్పటినుంచీ దూరం కనబడదు. దగ్గరిది మాత్రం ఇంకెవరికీ కనబడనంతగా కనబడేది. అద్దాలు తీసి పక్కన పెడితే దారంలో పోగులు లెక్కపెట్టేదాన్ని. నీలానికీ నలుపుకీ తేడా తెలియకుండా పోతోందని ఆపరేషన్‌కి ఒప్పుకున్నాను. ఇప్పుడు నీలం నీలంలాగే ఉంది. సూదే లేదు. ఇదిగో, ఇక్కడ ఏదో మెరుస్తోంది, అంతే."

"చదువుకునే అద్దాలు తెచ్చానుగా."

"అవి పెట్టుకుంటే మూరెడు దూరంలో పట్టుకోవాలి. అంత దూరంలో పోగు పోగుగా కనబడదు. పోనీ ఎడమకంటితో చేద్దామంటే అందులో పొర ముదిరిపోయింది. ఒకాయన ప్యాంటు అలాగే చేసి ఇచ్చాను. దుకాణం ఆయన ఏమీ అనలేదు. వేలుతో తడిమితే నాకే తెలిసింది, ఎంత వంకరగా వచ్చిందో. నా చేతిమీద అలాంటి కుట్టు పడటం అదే మొదలు."

కోడలు బల్ల దగ్గరికి వచ్చింది. "ఇన్నాళ్ళూ ఒక్కమాట చెప్పకపోయారా?"

"ఎప్పుడు చెప్పను? ఫోన్ పట్టుకుని ఊరందరికీ చెబుతున్నావు, మా అత్తయ్యకి చూపు వచ్చిందని. నీ ముఖంలో ఆ సంతోషం చూశాక నోరు రాలేదు." ఆవిడ సూది బల్లమీద పెట్టారు. "నువ్వు మంచికే చేశావు. కాదనను. కానీ ఆ రోజు డాక్టరమ్మ, ఈవిడకి దూరం చూపు పెడదామా, దగ్గరి చూపు పెడదామా అని అడిగింది. నిన్ను అడిగింది. దూరమే అని నువ్వు చెప్పావు. నేను పక్క కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. నా కంటి సంగతి నా తలమీదుగా మాట్లాడుకున్నారు మీరిద్దరూ."

కొడుకు మెల్లిగా అన్నాడు, "అమ్మా, నువ్వు కుట్టడం లేదని నేనూ గమనించాను. పోనీలే, ఇన్నాళ్ళకి విశ్రాంతి తీసుకుంటున్నావనుకున్నాను."

"నువ్వు మాత్రం ఏం తక్కువ తిన్నావు," అన్నారావిడ. "ఎడమకన్ను మాత్రం నేనివ్వను. పొర ఉంటే ఉండనీ. ఆసుపత్రిలో చెప్పెయ్."

గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు.

సోమవారం కోడలు ఆఫీసుకి వెళ్ళగానే అత్తగారి కాగితాలు బయటికి తీసింది. మొదటి పేజీలో వృత్తి అన్నచోట తన చేతిరాతతోనే "గృహిణి" అని ఉంది. ఆ మాట రాయడానికి రెండు క్షణాలు కూడా ఆలోచించినట్టు గుర్తులేదు. మిగతా ఫైళ్ళు తిరగేసింది. ఆడవాళ్ళ కాగితాల్లో దాదాపు అన్నిటా అదే మాట. మగవాళ్ళలో అరవై దాటినవాళ్ళకి "ఖాళీ". కొన్ని తన రాత, కొన్ని పక్క బల్లమీది అమ్మాయి రాత. నాలుగు వందలమంది చూపుని గీత గీత కొలిచి రాసుకున్నారు గానీ, ఆ చూపుతో వాళ్ళు ఏం చేసుకుంటారో ఎక్కడా లేదు.

మధ్యాహ్నం సర్జన్ గది ముందు ఆగి తలుపు తట్టింది. సర్జన్ ఏడాదిలో రిటైర్ కాబోతున్న మనిషి. అంతా విని కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఆవిణ్ణే అడగాల్సింది. నువ్వు మా మనిషివి కదా, నీకు తెలియకుండా ఉంటుందా అని నిన్ను అడిగేసి ఊరుకున్నాను. ఆ తప్పు నాది కూడా."

"ఇప్పుడేమైనా చేయొచ్చా మేడమ్?"

"కుడికంటిని కదపొద్దు. ఎడమకంట్లో దగ్గరికి కనబడే లెన్సు పెట్టొచ్చు. ఒక కన్ను దూరానికి, ఒక కన్ను దగ్గరికి. అందరికీ నప్పదు. కానీ ఈ ఆరు వారాలూ ఆవిడ అలాగే తిరుగుతున్నారు, పడకుండా నెట్టుకొచ్చారు. గుడ్డ ఎంత దూరంలో పట్టుకుంటారో కొలిచి తీసుకురా. జాన అంటే మాత్రం కష్టం. తేడా మరీ ఎక్కువైతే మెట్లమీద తడబడతారు. ఇంకో నాలుగు వేళ్ళు వెనక్కి పట్టుకోగలరేమో అడుగు." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుంది. "ఒప్పించమని చెప్పడం లేదు. అడగమంటున్నాను."

ఆ రోజు కోడలు సెలవు చీటీ రాసిచ్చి పెందలాడే ఇంటికి వచ్చింది. మూడు గంటల ఎండ కిటికీలోంచి నేలమీద పడుతోంది. అత్తగారు ఆ వెలుగులో ఊరికే కూర్చుని ఉన్నారు. ఈ వేళప్పుడు ఆవిణ్ణి చూడటం కోడలికి ఇదే మొదటిసారి. ఎదురుగా నేలమీదే కూర్చుంది.

"అత్తయ్యా, మీరు పని ఎలా చేస్తారో నాకు చూపిస్తారా?"

"ఇప్పుడెందుకు?"

"ఈ ఇంటికొచ్చిన ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు కాబట్టి."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళారు. ఒక పాత చొక్కా తెచ్చి, చిరుగుని మోకాలిమీద పరిచి చూపించారు. పైదారం, కిందదారం, ఒకటి విడిచి ఒకటి ఎలా పట్టుకోవాలో, చివర్న ముడి వేయకుండా ఎలా వదిలేయాలో. దగ్గరి చూపు లేకపోయినా వేళ్ళకి అంతా తెలుసు. చెబుతున్నకొద్దీ ఆవిడ గొంతులో బిగువు సడలింది. మధ్యలో, "ముడి వేస్తే చేతికి తగులుతుంది. తగిలిందంటే రఫూ కాదు, మాసిక," అని విద్యార్థికి చెప్పినట్టు చెప్పారు.

కోడలు కుట్టుడబ్బాలోంచి టేపు తీసి, ఆవిడ కంటినుంచి గుడ్డ దాకా పట్టి కొలిచింది. కొలుస్తుంటేనే అంకెలు అలుక్కుపోయాయి. కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ కొలిచింది.

"కాగితంలో గృహిణి అని రాశాను అత్తయ్యా. మీ పని నాకు పనిలా కనబడలేదు. తప్పు నాదే."

అత్తగారు సూది డబ్బాలో గుచ్చారు. "నువ్వొక్కదానివే ఏం కాదు. ఎవరైనా అడిగితే నేనూ ఖాళీగా కూర్చోలేక అంటాను. ముప్ఫయ్యేళ్ళుగా అదే మాట. విన్నవాళ్ళు నమ్మారు." కోడలి చేతిలో టేపు వైపు చూసి అడిగారు, "ఇంతకీ దీన్నేం చేస్తావు?"

కోడలు సర్జన్ చెప్పినదంతా చెప్పింది. నప్పకపోవచ్చని కూడా చెప్పింది, ఏదీ దాచలేదు. నాలుగు వేళ్ళ సంగతి వినగానే అత్తగారు చొక్కాని అంత దూరం జరిపి, తల కొంచెం పక్కకి వంచి చూసుకున్నారు.

"మెడ నొప్పి తగ్గుతుందేమో," అన్నారు. తర్వాత, "రేపు నన్ను తీసుకెళ్ళు. డాక్టరమ్మతో నేనే మాట్లాడతాను. నువ్వు బయట కూర్చో."

"కూర్చుంటాను."

ఎడమకంటి ఆపరేషన్ అనుకున్న రోజే జరిగింది. మొదటి రెండు వారాలు మెట్లమీద కొడుకు చేయి పట్టుకోక తప్పలేదు. సాయంత్రం ఆరు దాటితే బల్లదీపం లేనిదే పని సాగడం లేదు. పూర్వం ఒక్కరోజులో అయ్యే పనికి ఇప్పుడు రెండు రోజులు పడుతోంది. నీలం కోటుకి నాలుగు రోజులు పట్టింది. తీసుకెళ్ళిన పెద్దావిడ చిల్లులు ఎక్కడుండేవో వెతుక్కుని, కనబడక, దుకాణంలోనే కోటు వేసుకుని వెళ్ళిపోయిందట. ఆ మాట చెప్పడానికి దుకాణం ఆయన పనిగట్టుకుని వచ్చాడు. వెంట మూడు పొట్లాలు తెచ్చాడు.

ఆసుపత్రిలో ప్రశ్నల కాగితానికి ఇంకో ప్రశ్న చేరింది. దాని మాటలు కూర్చడంలో అత్తగారి పాలే ఎక్కువ. కోడలు మొదట "మీ రోజువారీ కార్యకలాపాలలో ఇబ్బందులు ఉన్నాయా" అని రాసుకొచ్చింది.

"ఇలా అడిగితే ఎవరైనా లేవనే అంటారు," అన్నారావిడ. "ఆపరేషన్‌కి ముందు చేసుకుంటూ ఉండి, ఇప్పుడు మానేసిన పని ఏదైనా ఉందా అని అడుగు. అడిగి ఊరుకో. వెంటనే ఇంకో ప్రశ్న వేయకు."

ఆ ప్రశ్నతో మొదటి ఫోన్ ఒక ముసలాయనకి వెళ్ళింది. పట్టికలో ఆయనది కూడా మంచి ఫలితమే. బాగుందమ్మా, బాగుందమ్మా అంటూ వచ్చినాయన ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. కోడలు ఊరుకుంది.

"మా ఆవిడకి రాత్రిపూట మందులు నేనే తీసిచ్చేవాణ్ణి," అన్నాడు చివరికి. "సీసాల మీది చీటీల్లో సన్నరాత ఇప్పుడు కనబడటం లేదు. పొరపాటున ఏది ఇచ్చేస్తానో అని పక్కింటివాళ్ళని పిలుస్తున్నాను. ఆవిడకి అది ఇష్టం ఉండదు. చూపు బాగుందని అందరూ అంటుంటే ఇదెవరికి చెప్పుకోను?"

దగ్గరి చూపుకి అద్దాలు రాయించుకోవడానికి కోడలు ఆయన్ని గురువారం రమ్మంది.

సాయంత్రం ఇంటికొచ్చి, బల్లదీపం ముందున్న అత్తగారికి ఆ సంగతి చెప్పింది. అత్తగారు తల ఎత్తకుండానే విన్నారు. చేతిలో ఉన్న పోగుని చివరిదాకా లాగి, గుడ్డ పక్కన పెట్టారు.

"గురువారం నేనూ వస్తాను. అద్దాలొచ్చేదాకా ఆ మందుల సంగతి చూడాలి కదా. సీసాకొక రంగు దారం కట్టి ఇస్తాను. రంగులు ఆయనకి తెలుస్తాయి."

"ఏ రంగు దేనికో రాసి ఇమ్మంటారా?"

"రాత వద్దు తల్లీ. పొద్దుటి మందుకి ఏ రంగు, రాత్రి మందుకి ఏ రంగు అన్నది వాళ్ళిద్దర్నీ అడిగి కడదాం," అని దారాల డబ్బా దగ్గరికి లాక్కున్నారు.