గానుగింట్లో తలకిందుల మనిషి

ఇటలీలో, లిగూరియా కొండల మీద మా ఊళ్ళో, పొద్దుగూకాక పాత ఆలివ్ గానుగ దారిన ఎవరూ నడవరు. కప్పు సగం కూలిపోయింది. తిప్పేవాళ్ళు లేకుండానే లోపల రాయి కదులుతుందంటారు... నేనైతే వినలేదు. వినేదాకా అక్కడ ఎప్పుడూ ఆగలేదు.

డెల్ఫీనా ఆగింది. ఆవిడ నోట విన్నదే చెబుతున్నా.

డెల్ఫీనా బట్టలు కుట్టేది. తాపీ పని చేసే ఒత్తావియోతో పెళ్ళి కుదిరింది. ఉన్నట్టుండి రెండు వారాలుగా, సాయంత్రమైతే చాలు, అతను మాయం! అడిగితే నీళ్ళు నమలడం. ఇంకెవత్తో తగులుకుందనుకుంది. ఉంగరం మొహాన కొడదామా, వద్దా? తేలక, టారో అనే బొమ్మల పేకముక్కలు చూసి జోస్యం చెప్పే జెలిందవ్వ దగ్గరికెళ్ళింది.

అవ్వ ఒక్క ముక్క తియ్యమంది. తీసింది — ముక్క మీద బొమ్మ, కొయ్యకి ఒంటికాలితో తలకిందులుగా వేలాడుతున్న మనిషి!

"అమ్మో! ఎవరు పోతారవ్వా?"

"నోర్ముయ్. తాడు మెడకుందా, కాలికుందా? రెండో కాలు ఎంత దర్జాగా మడిచాడో చూడు. మొహం చూడు, ఎంత నిమ్మళంగా ఉన్నాడో! చావు కాదే పిచ్చిదానా, కాస్త ఆగమని. తొందరపడి తెంచుకోకు. నువ్వనుకున్నదాన్ని ఒకసారి తిరగేసి చూసుకో."

బయటికొచ్చేసరికి మసకచీకటి. దగ్గరిదారి గానుగ మీదుగానే.

తలుపు తీసుంది... లోపల — దూలం నుంచి — ఒంటికాలితో — తలకిందులుగా —

డెల్ఫీనా ఆగిపోయింది.

అది మెల్లిగా ఇటు తిరిగింది.

"డెల్... ఫీ... నా..."

పేరు కూడా తెలుసు దానికి! సంచిలోంచి కత్తెర లాగింది. అంతలో అవ్వ మాట గుర్తొచ్చింది. తల పక్కకి వంచి, ఇంకా వంచి, తిరగేసి చూసింది. సున్నం కారుతున్న తెల్లటి మొహం... దానికి ఒత్తావియో మీసాలు!

"నువ్వా!"

"కప్పు బాగుచేస్తూ జారానే... తాడు కాలికి చుట్టుకుంది. దించు..."

"రెండు వారాలుగా ఎక్కడ తిరుగుతున్నావ్? చెప్తేనే దించుతా."

"ఇక్కడే! మన కాపురానికి బాగుచేస్తున్నా. పెళ్ళిరోజు నీకు చూపిద్దామని... తల్లీ, కళ్ళు తిరుగుతున్నాయి!"

"ఇంకో ఆడదెవరూ లేదుగా?"

"ఇలా వేలాడుతూ అబద్ధమెలా ఆడనే!"

కత్తెరతో తాడు కోసింది. కింద, చెట్ల నుంచి రాలే ఆలివ్ కాయలు పట్టే పాత వలల కుప్ప. దాని మీద ధబ్బున పడ్డాడు.

ఆ సున్నం మొహం చూసి ఆమెకి నవ్వాగలేదు. ఆమెని చూసి అతనికీ. పొట్టలు పట్టుకుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు...

ఊపిరి అందక ఇద్దరూ ఒకేసారి ఆగారు.

నవ్వు ఆగలేదు.

వాళ్ళ వెనక, చీకట్లో — ఎవరో ఇంకా పడీపడీ నవ్వుతున్నారు.

బెణికిన కాలితో కూడా ఒత్తావియోనే ముందు ఊళ్ళోకి చేరాడట! పెళ్ళి ఆ నెల్లోనే అయింది. కాపురం మాత్రం డెల్ఫీనా వాళ్ళమ్మ వంటింటి పక్క గదిలో.