గోళ్ళరంగు పూసిన టార్చి

సిరిసిల్లలో బట్ట నేసే సాంచల చప్పుడుకు పసిపిల్లలు లేవరు. ఆ చప్పుడులోనే పుడతారు, అందులోనే నిద్రపోతారు. మా బిడ్డ మాత్రం లైటు వేస్తే లేచేది.

మాది రేకుల ఇల్లు, ఒకటే గది. నాకు తల్లి లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే జరిగింది. మా అత్త సాయవ్వ మంచి మనిషి, కానీ మొండిది. తలాపున కొడవలి పెట్టమంది, పెట్టాను. గుమ్మానికి వేపమండలు కట్టమంది, కట్టాను. బాలింత గదిలో రాత్రంతా బల్బు వెలగాలంది, అక్కడే వచ్చింది చిక్కు. బల్బు వెలిగితే బిడ్డ ఏడుపు, బిడ్డ ఏడిస్తే నా నిద్ర గోవిందా. నిద్ర సుఖమెరుగదంటారు. నేను తింటున్న కంచం మీదే తూగేదాన్ని.

బల్బు ఆర్పితే ఇంకో బాధ. అప్పటిదాకా వెలుతురులో ఉన్న కళ్ళకు ఏమీ కనపడదు. ఒకసారి అలాగే బిడ్డను ఎత్తుకుని లేచి నీళ్ళబిందె తగిలి పడబోయాను. గోడ ఆసరా దొరికింది కాబట్టి సరిపోయింది. నిద్రమత్తులో నా చేతులే బిడ్డను జారవిడుస్తాయని అప్పటినుంచి ఒకటే భయం.

నా మొగుడు నవీన్ సాంచల మీద రాత్రి షిఫ్టు చేస్తాడు. ఒకరోజు ఫోనులో ఏదో చూసి వచ్చాడు.

"మసక ఎర్ర లైటయితే కండ్లకు చీకటి అలవాటు పోదట. ఆర్పినంక సుత అన్ని కనవడ్తయట."

"గంత తెలివున్నోనివి బిడ్డను ఒక్కరాత్రి ఎత్తుకోరాదు?" అన్నాను.

నవ్వి, పాత టార్చి విప్పి, అద్దానికి నా పెళ్ళినాటి గోళ్ళరంగు పూశాడు. ఒక పూత చాలలేదు. ఆరనిచ్చి మళ్ళీ పూశాడు. నడుమ శనగగింజంత వదిలి మిగతా అద్దమంతా నల్లటేపు వేశాడు. వెలిగిస్తే ఆరబోయే బీడీ అంత వెలుగు. బిడ్డ కన్ను కూడా కదపలేదు.

"బుగ్గ ఆర్పొద్దంటే ఇనరైతిరి," అంది అత్తమ్మ, ఆరిపోయిన బల్బు వైపు చూస్తూ.

"గిది సుత దీపమే కద అత్తమ్మా."

ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ తర్వాత నేను నిద్రపోయాను. ఎన్నాళ్ళకో దొరికిన నిద్ర. ఎప్పుడైనా మెలకువ వచ్చి టార్చి వేస్తే, దూలానికి కట్టిన చీర తొట్టెల మెల్లగా ఊగుతూ ఉండేది. దాని అవతల ఒక నీడ కూర్చుని ఉండేది. పాపం అత్తమ్మ, ముసలిదైనా బిడ్డను ఊపుతోందనుకుని, మనసులో దండం పెట్టి మళ్ళీ కళ్ళు మూసుకునేదాన్ని.

ఒక రాత్రి కరెంటు పోయింది. ఊళ్ళోని సాంచలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికే నాకు మెలకువ వచ్చింది.

కిర్... కిర్... తొట్టెల తాడు.

గదిలో తడిమట్టి వాసన. దాని వెనకే విరిగిన పాల వాసన. ఒళ్ళంతా బరువుగా ఉంది. టార్చి వేశాను. తొట్టెల అవతలి అంచును పట్టుకుని కొన్ని వేళ్ళు...

"అత్తమ్మా, మీరు పండుండ్రి," గుసగుసగా అన్నాను. "నేను ఊపుత."

వేళ్ళు కదలలేదు. తొట్టెల ఆగలేదు.

"నేను ఈడ్నే ఉన్న బిడ్డా."

ఆ మాట నా వీపు వెనక నుంచి వచ్చింది.

"టార్చి ఆర్పు... గటు సూడకు."

ఆర్పాను. అయినా కనబడుతూనే ఉంది. కళ్ళు చీకటికి అలవాటు పడిపోయాయి. వంగిన తల... తొట్టెల్లోకి జారిన జుట్టు... బిడ్డ ఏడవడం లేదు. లేవాలనుకున్నాను. కాళ్ళు రాలేదు.

అత్తమ్మ తడుముకుంటూ పోయి బల్బు స్విచ్చి వేసి పెట్టింది. ఎంతసేపటికో కరెంటు వచ్చింది. సాంచలు మోగాయి. వెలుతురులో తొట్టెల దగ్గర ఎవరూ లేరు. బిడ్డను లాక్కుని గుండెకు అదుముకున్నాను.

"బుగ్గ దాన్ని ఎల్లగొట్టేతందుకు కాదు," అంది అత్తమ్మ. "మన కండ్లకు చీకటి అలవాటు కావద్దని. దాన్ని సూసుడంటే పిలుసుడే. నవీన్‌కంటే ముందు నాకొక కొడుకు. నాట్లకు పోయొచ్చి సోయి లేకుంట పండేదాన్ని. అది ఊపుతుంటే, పోనీ, జర నిద్రన్న దొరికె అనుకున్న. పోనుపోను వాడు నా దగ్గరికి రాకపాయె... నా పాలు ముట్టకపాయె..."

"తర్వాత?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తెల్లారి నవీన్ టార్చి పగలగొట్టాడు. అప్పటినుంచి మా గదిలో బల్బు ఆరలేదు. నేను పడుకోవడం లేదు. ఏడిస్తే ఏడ్చింది, బిడ్డ నా ఒళ్ళోనే ఉంటే చాలనుకున్నాను. కానీ బిడ్డ నా రొమ్ము దగ్గర మొహం తిప్పేసుకుంటోంది. నిన్న పగలంతా ఒక్క చుక్క తాగలేదు. నా రొమ్ములు గడ్డకట్టి సలుపుతున్నాయి.

రాత్రి ఇక చేతకాక, ఒక్క నిమిషమని తొట్టెల్లో వేశాను. వెంటనే ఊరుకుంది. తెల్లటి వెలుతురు. ఎవరూ లేరు. బిడ్డ మొహం మాత్రం అవతలికి తిరిగి ఉంది. చిన్న పెదవులు కదులుతున్నాయి. గొంతులో గుటక... మళ్ళీ గుటక...

ఎత్తుకున్నాను. పెదవి చివర పాలచుక్క ఉంది. వేలితో తుడిచాను. చల్లగా ఉంది.