అందించిన మాట

ఆ సోమవారం పొద్దున్న కూడా రంగనాథం గారు నోరు తెరవకముందే భార్య కన్యాకుమారి కాఫీ గ్లాసు చేతికిచ్చింది. ఆయన కిటికీ వైపు తిరిగేలోపే రెక్కలు తీసింది.

నెల్లిమర్ల బజారులో వాళ్లది పాత కిరాణా కొట్టు. మనిషి మెట్టెక్కుతుంటేనే ఏం కావాలో కనిపెట్టి కాటా మీద పెట్టడం ఆ కొట్టుకున్న పేరు. ఇల్లు కొట్టు వెనకే కాబట్టి ఆ అలవాటు ఇంట్లోకీ వచ్చేసింది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగడం అక్కడ ఎవరికీ చేతకాదు.

కిందటేడు పక్షవాతం వచ్చి రంగనాథం గారి మాట పడిపోయింది. ఎదుటివాళ్లు చెప్పింది అర్థమవుతుంది, చెప్పాలనుకున్నదే నాలుక మీదికి రాదు. "ఆయనకి నోరెందుకు, నేనున్నానుగా" అని కన్యాకుమారి చుట్టాలతో అనేది. అందులో గొప్పా ఉంది, ఏడుపూ ఉంది.

కోడలు అనూరాధ ఆయన అవస్థ చూసే విశాఖలో ఓ యూనివర్సిటీ నడిపే సర్టిఫికెట్ కోర్సులో చేరింది. మాట, వినికిడి దెబ్బతిన్నవాళ్లకు సాయపడే చదువది. పాఠాలు ఇంట్లోంచే ఆన్‌లైన్లో విన్నది. బయోడేటా రాయడం, ఇంటర్వ్యూలో జవాబు చెప్పడం కూడా నేర్పారు. అత్తగారికి జవాబు చెప్పడం మాత్రం ఏ పాఠంలోనూ లేదు. ఇక మిగిలింది విశాఖ ఆసుపత్రిలో ప్రాక్టికల్స్. అవి చేస్తేనే సర్టిఫికెట్, ఆపైన ఉద్యోగం. ఆ రోజే మొదలు.

రైలుకి ఇంకా టైముందని, అనూరాధ మావగారి ముందు రెండు చొక్కాలు పట్టుకుని ఏది వేసుకుంటారో అడిగి కూర్చుంది. ఆయన పెదాలు కదిలాయి. నుదుట చెమట పట్టింది. ఆమె కదలకుండా ఎదురుచూసింది. అది చూసిన కన్యాకుమారి ఉండబట్టలేకపోయింది. వచ్చి నీలం చొక్కా లాక్కుంది.

"జబ్బు మనిషిని ఇలా కాల్చుకు తింటావేటి? ఇదేనా నీ సదువు?"

"మావయ్యగారికి మాట వెతుక్కునే టైము కావాలత్తయ్యా. మనం అందించేస్తుంటే వెతకడమే మానేస్తారు."

"ఆయన తడుముకుంటంటే నా పాణం పోతాది. ఇలాటివి నేర్పే కాడికి నువ్వు ఎల్లక్కర్లేదు."

గొడవ విని కొడుకు చంద్రమౌళి కొట్లోంచి వచ్చాడు. తల్లిని కాదనలేడు, పెళ్లాం మొహం చూడలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఈ ఏడాదికి ఆగమని నసిగాడు. కన్యాకుమారికి బలం వచ్చింది.

"మీ నాన్నా వద్దంటన్నారు. ఆయన మనసు నాకు తెలీదేటి?"

అనూరాధ ఏనాడూ అత్తగారికి ఎదురు తిరిగి ఎరగదు. ఈసారి మాత్రం వెళ్లి మావగారి పక్కన నిలబడింది.

"ఆ మాట మావయ్యగారు చెబితే మానేస్తాను. మీరెవరూ అందించకూడదు."

కొట్టు దగ్గర ఎవరో పిలిచారు, ఎవరూ వెళ్లలేదు. రంగనాథం గారి దవడ బిగుసుకుంది. మెడ నరాలు తేలాయి. కన్యాకుమారి నోరు తెరవబోయి కోడలి చూపు చూసి ఆగింది.

"నన్ను..." అన్నారాయన. కళ్లు మూసుకుని తెరిచారు. "నన్ను... సెప్పనీ."

ఆ చూపు భార్య మీదే ఉంది. కాసేపటికి కోడలి వైపు తిరిగారు.

"అమ్మాయి... ఎల్లాలి."

కన్యాకుమారి లాక్కున్న నీలం చొక్కా ఆయన ఒళ్లో పెట్టేసింది. ఏ లోటూ రానివ్వలేదనుకుంది ఇన్నాళ్లూ. ఆయనకు మిగిలిన నాలుగు మాటలూ తానే లాగేసుకుందని ఇప్పుడు తెలిసింది. ప్రేమతోనే చేసింది, అయినా చేసింది. కళ్లు తుడుచుకుని కోడలి సంచీ తెచ్చి భుజానికి తగిలించింది.

"బండి తియ్యరా మౌళీ, రైలెల్లిపోతాది."

వాళ్లు వెళ్లాక భర్త ఎదుట కూర్చుంది. ఏం చెయ్యాలో తోచలేదు. రంగనాథం గారి పెదాలు మళ్లీ కదిలాయి. మందా అని అడగబోయి మింగేసింది. దిండు కావాలేమో అనుకుని లేవబోయి, ఒడిలో చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

"నువ్వు..."

ఆమె ఆయన పెదాల వైపే చూసింది.

"నువ్వు... తిన్నావేటి?"

ఆయన పడిపోయిన నాటినుంచి ఆ ఇంట్లో ఆమెను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఆయనకేం కావాలో అన్నీ తెలుసనుకున్న మనిషికి, ఆయన మనసులో ఈ మాట ఉందని తెలియలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

లేదని చెప్పడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. ఆయన ఆగారు.